నవ్వితే ఏడ్చినట్టు కనిపించే పిల్లలు.. ఆ ముఖం వెనక కిడ్నీల కథ

ఎవరైనా జోక్ చెప్తే పిల్లలు నవ్వుతారు. పెదవుల కొసలు పైకి లేస్తాయి, బుగ్గలు ఉబ్బుతాయి. కానీ చాలా అరుదుగా కొందరు పిల్లలుంటారు. జోక్ వాళ్లకూ అర్థమవుతుంది, లోపల సంతోషమే ఉంటుంది. తీరా నవ్వబోయేసరికి పెదవుల కొసలు పక్కకీ కిందికీ లాక్కుపోతాయి, కళ్లు గట్టిగా ముడుచుకుంటాయి. చూసేవాళ్లకి ఏడుస్తున్నాడేమో అనిపిస్తుంది. ఊరికే కూర్చున్నప్పుడు ముఖం మామూలుగానే ఉంటుంది. తేడా అంతా నవ్వినప్పుడే.

ఇదే పిల్లలకి ఇంకో ఇబ్బంది కూడా ఉంటుంది. ఒంటేలు సరిగా రాదు. వచ్చినా పూర్తిగా ఖాళీ కాదు. పగలు బట్టలు తడుస్తాయి, రాత్రి పక్క తడుస్తుంది, మాటిమాటికీ యూరిన్ ఇన్‌ఫెక్షన్, జ్వరం. చాలామందికి మలబద్ధకం కూడా. నవ్వుకీ ఒంటేలుకీ సంబంధం ఏంటని ఎవరైనా అడుగుతారు. సంబంధం ఉంది. దాని పేరు యూరోఫేషియల్ సిండ్రోమ్. కనిపెట్టిన డాక్టర్ పేరు మీద ఒచోవా సిండ్రోమ్ అని కూడా అంటారు. ప్రపంచమంతా కలిపి వైద్య పత్రికల్లో నమోదైన కేసులు వందకు పైచిలుకు మాత్రమే. అంత అరుదైన జబ్బు గురించి ఇంత రాయడం ఎందుకంటే, దీన్ని ముందే పట్టుకుంటే కిడ్నీలు కాపాడుకోవచ్చు, ఆలస్యమైతే డయాలసిస్ దాకా పోతుంది. పట్టుకోవడానికి మొదటి ఆధారం రూపాయి ఖర్చు లేనిది. పిల్లాడి నవ్వు.

మెడెలిన్‌లో ఒక డాక్టర్ గమనించిన సంగతి

కథ మొదలైంది దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశంలో. అక్కడ ఆంటియోకియా అనే కొండల ప్రాంతం, దానికి రాజధాని మెడెలిన్ నగరం. 1960లలో బెర్నార్డో ఒచోవా అనే పిల్లల సర్జన్ దగ్గరికి మూత్రం సమస్యలతో పిల్లలు వచ్చేవాళ్లు. కొందరి బ్లాడర్ ఎక్స్‌రేలో చూస్తే వెన్నుపూస దెబ్బతిన్నవాళ్ల బ్లాడర్‌లా ఉండేది. గోడలు మందంగా, లోపల గుంటలు గుంటలుగా. కానీ వెన్నులో ఏ లోపమూ లేదు, నరాల పరీక్షలు మామూలుగానే ఉన్నాయి. అలాంటి పిల్లల్లో కొందరు నవ్వితే ఏడ్చినట్టుండడం ఒచోవా కంటపడింది. ఒకరిద్దరిలో అయితే యాదృచ్ఛికం అనుకోవచ్చు. ఒకే ఇంట్లో అన్నకీ చెల్లికీ, వేరే ఊళ్లో ఇంకో కుటుంబంలో, మళ్లీ అదే జోడీ. అప్పుడు ఇది వంశపారంపర్యంగా వచ్చే ఒకే జబ్బు అని అర్థమైంది.

1979లో ఎలెజాల్డే అనే జన్యు నిపుణుడు మూడు కుటుంబాల వివరాలతో పత్రిక రాసి దీనికి ఒచోవా పేరు పెట్టారు. 1987లో ఒచోవా, అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీకి చెందిన రాబర్ట్ గోర్లిన్‌తో కలిసి విపుల వ్యాసం ప్రచురించారు. 2004లో ఒచోవా రాసిన మరో వ్యాసానికి పెట్టుకున్న శీర్షికే ఒక ప్రశ్న. నవ్వు చూసి పుట్టుకతో వచ్చిన బ్లాడర్ జబ్బును చెప్పగలమా అని. ఆయన జవాబు, చెప్పగలం అని. స్కానింగులు, ల్యాబులు పెరిగిన కాలంలో ఒక సర్జన్ పిల్లల ముఖం చూడమని చెప్పడం నాకు బాగా నచ్చిన విషయం.

ఆంటియోకియాలోనే ఎందుకు ఎక్కువ కనిపించింది? ఆ కొండల్లోకి స్పెయిన్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు తక్కువ. బయటి రాకపోకలు తక్కువ. తరతరాలు ఆ కొద్దిమంది సంతానమే తమలో తాము సంబంధాలు కలుపుకుంది. మొదటి తరంలో ఒకరిలో దాగిన లోపం మెల్లగా చాలామందికి చేరింది. అల్జీమర్స్ గురించి చదివినవాళ్లకి ఆంటియోకియా పేరు తెలిసే ఉంటుంది. నలభై ఏళ్ల వయసులోనే మతిమరుపు వచ్చే పెద్ద కుటుంబాలను ఫ్రాన్సిస్కో లోపెరా అనే డాక్టర్ పరిశోధించింది అక్కడే. ఆ జబ్బు వేరు, ఈ జబ్బు వేరు. నేల, చరిత్ర ఒక్కటే.

అలాగని ఇది కొలంబియాకే పరిమితం కాదు. అమెరికా, స్పెయిన్, టర్కీ, సౌదీ అరేబియాల నుంచి కేసులు వచ్చాయి. సౌదీ పిల్లాడిలో జన్యు లోపాన్ని 2011లో కొత్త తరహా పరీక్షతో గుర్తించారు. మన దేశంలోనూ ఒకటీ అరా కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. పత్రికల్లోకి రానివి, ఎవరూ గుర్తించనివి ఎన్నో లెక్క లేదు.

బ్లాడర్‌లో జరిగే తగువు

మూత్రాశయం అంటే కండరంతో చేసిన సంచి. కిడ్నీల నుంచి రెండు గొట్టాల ద్వారా మూత్రం చుక్కచుక్కగా వచ్చి అందులో చేరుతుంది. సంచి నిండేటప్పుడు దాని గోడ వదులుగా ఉండాలి, కింద మూతి బిగుసుకుని ఉండాలి. మనం బాత్రూమ్‌కి వెళ్లినప్పుడు సరిగ్గా ఉల్టా జరగాలి. గోడ బిగుసుకోవాలి, మూతి వదులవ్వాలి. ఈ రెండూ ఒకేసారి, ఒకదానికొకటి సర్దుకుని జరగడం నరాల పని. మనకి తెలియకుండానే రోజుకి ఆరేడు సార్లు జరిగిపోతుంది.

ఈ జబ్బు ఉన్న పిల్లల్లో ఆ సర్దుబాటు పుట్టుకతోనే కుదరదు. గోడ నొక్కుతుంటే మూతి వదలదు. నల్లా కట్టేసి మోటార్ ఆన్ చేసినట్టన్నమాట. మూత్రం కొంచెం బయటికి వస్తుంది, మిగతాది లోపలే ఉండిపోతుంది. సంచిలో ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడితో పని చేసీ చేసీ గోడ మందమవుతుంది, ఇంకా బిరుసెక్కుతుంది. ఐదేళ్ల పిల్లల బ్లాడర్‌లో మామూలుగా 210 మిల్లీలీటర్ల దాకా పట్టాలి. డాక్టర్లు వాడే లెక్క సులువే, వయసుకి రెండు కలిపి ముప్పైతో గుణించాలి. బిరుసెక్కిన సంచిలో అంత పట్టదు, పట్టినా ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది.

అసలు ప్రమాదం ఇక్కడినుంచే. నరాల లోపం ఉన్న బ్లాడర్లలో ఒత్తిడి 40 సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానమైనదాన్ని దాటితే పైనున్న కిడ్నీలకు ముప్పు అని యూరాలజిస్టులు చాలా కాలంగా గుర్తుగా పెట్టుకున్నారు. ఒత్తిడి పెరిగినప్పుడు మూత్రం కిందికి పోవాల్సింది పైకి ఎగదన్నుతుంది. కిడ్నీ నుంచి వచ్చే గొట్టాలు ఉబ్బుతాయి, కిడ్నీలు ఉబ్బుతాయి. లోపల నిలిచిన మూత్రంలో క్రిములు పెరుగుతాయి. ఆ క్రిములతో నిండిన మూత్రం కిడ్నీలోకి వెళ్తే చలిజ్వరం వస్తుంది, తగ్గాక కిడ్నీలో ఒక మచ్చ మిగులుతుంది. ఇంకోసారి వస్తే ఇంకో మచ్చ. మచ్చ పడిన చోట కిడ్నీ పని చేయదు, అది మళ్లీ బాగుపడదు. కొన్నాళ్లకి బీపీ పెరుగుతుంది, పిల్లాడు ఎదగడు, చివరికి కిడ్నీ ఫెయిల్యూర్.

ఇంట్లో మాత్రం ఇదంతా కనిపించదు. కనిపించేది తడిసిన పరుపు, తడిసిన స్కూల్ యూనిఫామ్. కాబట్టి పిల్లాడికి దొరికేది తిట్లు. 'ఇంత పెద్దవాడివయ్యావు, సిగ్గు లేదా' అంటారు. వాడు బాధతోనో భయంతోనో మొహం పెడితే సరే, ఒక్కోసారి ఎందుకో నవ్వొస్తే అది కూడా ఏడుపులా కనిపిస్తుంది. స్కూల్లో వేరే పిల్లలు ఊరుకోరు కదా. అందుకే చాలామంది ఈ పిల్లలు నవ్వడం మానేస్తారు, లేదా చేయి అడ్డం పెట్టుకుంటారు. ఫొటోల్లో సీరియస్‌గా ఉంటారు. అలా ఉన్న ఒక్క ఆధారం కూడా చేతి వెనక దాక్కుంటుంది.

నవ్వు, ఒంటేలు.. ఒకే తీగ మీద ఎందుకు?

దీనికి మొదట చెప్పిన జవాబు మెదడు గురించి. మెదడు కింది భాగంలో పాన్స్ అనే చోటు ఉంది. ముఖం కండరాలను కదిలించే నరం మొదలయ్యేది అక్కడే. మూత్రం వదలమని ఆజ్ఞ ఇచ్చే కేంద్రం కూడా పాన్స్‌లోనే. రెండూ పక్కపక్కనే కాబట్టి అక్కడ చిన్న లోపం ఉంటే రెండూ పాడవుతాయని ఒచోవా ఊహించారు. వినడానికి బాగుంది. అయితే తర్వాత జన్యువులు దొరికాక కథ కొంచెం మారింది.

1997లో లోపం ఉన్న చోటు పదో క్రోమోజోమ్ మీద అని తేలింది. 2010లో రెండు పరిశోధక బృందాలు ఒకేసారి అసలు జన్యువును పట్టుకున్నాయి. దాని పేరు హెచ్‌పీఎస్‌ఈ2. ఇది తయారు చేసే ప్రోటీన్ పేరు హెపరనేజ్-2. అయితే ఈ జబ్బు ఉన్న అన్ని కుటుంబాల్లోనూ ఆ జన్యువు చెడి లేదు. వెతకగా 2013లో రెండో జన్యువు దొరికింది, ఒకటో క్రోమోజోమ్ మీద, ఎల్‌ఆర్‌ఐజీ2. ఏది చెడినా జబ్బు ఒకేలా ఉంటుంది. ఈ పరిశోధనల్లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ యూనివర్సిటీ వాళ్ల పాత్ర పెద్దది. బిడ్డ కడుపులో పెరిగేటప్పుడు బ్లాడర్‌లోకి అల్లుకునే నరాల్లో ఈ రెండు ప్రోటీన్లూ ఉంటాయని వాళ్లు చూపించారు. హెచ్‌పీఎస్‌ఈ2 చెడిన ఎలుకల్లో బ్లాడర్ మూతి సరిగా వదులు కాకపోవడం కనిపించింది. అంటే లోపం మెదడులోని ఆఫీసులో కన్నా, ఆజ్ఞను మోసుకెళ్లే చివరి తీగల్లో ఎక్కువ ఉందన్నమాట. ముఖం విషయంలో సరిగ్గా ఏం జరుగుతుందో ఇంకా తేలాల్సి ఉంది.

ముఖానికి సంబంధించి మరో చిన్న గుర్తు తర్వాత బయటపడింది. ఈ పిల్లల్లో కొందరు నిద్రలో కళ్లు పూర్తిగా మూయరు. రెప్పల మధ్య సందు ఉండిపోతుంది. మన ఇళ్లలో పిల్లలు కళ్లు తెరిచి నిద్రపోతే ముద్దుగా చెప్పుకుంటారు. దానివల్ల కన్ను ఆరిపోయి నల్లగుడ్డు దెబ్బతినొచ్చు. రాత్రి వేసే ఆయింట్‌మెంట్‌తో చాలావరకు సరిపోతుంది.

'మా రెండు వైపులా ఎవరికీ లేదే?'

వంశపారంపర్యం అనగానే అమ్మానాన్నల నుంచి వచ్చే మొదటి మాట ఇది. రెండో మాట మాత్రం వాళ్లు అనరు, చుట్టాలు అంటారు. కోడలి వైపు నుంచి వచ్చింది అని. ఈ రెండింటికీ లెక్కతోనే జవాబు చెప్పాలి. నేను చదివింది బీకామ్, బయాలజీ పదో తరగతితోనే ఆగిపోయింది. కానీ ఈ లెక్క ఎవరికైనా వస్తుంది.

మనకి ప్రతి జన్యువూ రెండు కాపీలు. ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి. ఈ జబ్బులో ఒక కాపీ చెడి రెండోది బాగుంటే మనిషికి ఏమీ కాదు. నవ్వు బాగుంటుంది, కిడ్నీలు బాగుంటాయి, తను మోస్తున్నట్టు తనకే తెలియదు. అలాంటివాళ్లని క్యారియర్లు అంటారు. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి రెండు చెడిన కాపీలు వచ్చే అవకాశం 25 శాతం. గమనించండి, ఇద్దరి నుంచీ రావాలి. తల్లి ఒక్కదాని నుంచి వచ్చిందనే మాటకి ఇక్కడ చోటే లేదు. సరిగ్గా సగం సగం.

ఇంకోటి. 25 శాతం అంటే నలుగురిలో ఒకరికి తప్పకుండా వస్తుందని కాదు. ప్రతి కాన్పూ కొత్త ఖాతా. మొదటి బిడ్డకి వచ్చింది కాబట్టి రెండో బిడ్డకి రాదు అనుకోవడం పొరపాటు, రెండో బిడ్డకీ అదే 25 శాతం. ఇద్దరూ క్యారియర్లైన దంపతులకి నలుగురు పిల్లలుంటే, ఒక్కరికి కూడా జబ్బు రాకుండా ఉండే అవకాశం దాదాపు 32 శాతం. నాలుగింట మూడు వంతుల్ని నాలుగుసార్లు గుణించి చూసుకోండి. అందుకే తాతల కాలం నుంచి లోపం మోస్తూ వచ్చిన కుటుంబంలో కూడా ఎవరికీ లేనట్టే కనిపిస్తుంది. జబ్బున్న పిల్లాడి ఆరోగ్యంగా ఉన్న అన్న గానీ చెల్లి గానీ క్యారియర్ అయ్యే అవకాశం మాత్రం మూడింట రెండు వంతులు.

ఇక్కడే మన ప్రాంతం ప్రస్తావన తప్పదు. ఇంత అరుదైన లోపం ఇద్దరు పరాయివాళ్లలో ఒకేసారి ఉండడం చాలా కష్టం. ఒకే తాతానానమ్మల నుంచి వచ్చినవాళ్లలో ఉండడం అంత కష్టం కాదు. ప్రపంచంలో దొరికిన ఈ కేసుల్లో చాలా కుటుంబాల్లో అమ్మానాన్నలు రక్తసంబంధీకులే. తెలుగు రాష్ట్రాల్లో ఖాలా, మామూ, ఫుఫీ పిల్లలతో నిఖాలు మన ఇళ్లలో మామూలు. మేనమామ పెళ్లి, మేనరికం హిందూ కుటుంబాల్లోనూ తరతరాలుగా ఉన్నాయి. ఈ విషయంలో ఒకరు ఇంకొకరిని వేలెత్తి చూపించడానికి ఏమీ లేదు. లెక్క ప్రకారం చూస్తే, అక్కాచెల్లెళ్ల పిల్లలు గానీ అన్నాచెల్లెళ్ల పిల్లలు గానీ సగటున ఎనిమిదో వంతు జన్యువులు పంచుకుంటారు. మేనమామా మేనకోడలూ అయితే నాలుగో వంతు.

దీనర్థం అలా పెళ్లి చేసుకున్నవాళ్లందరి పిల్లలకీ ఏదో వస్తుందని కాదు. ఎక్కువమందికి ఏమీ రాదు. నా సొంత బంధువుల్లోనే అలాంటి జంటలు చాలామంది ఉన్నారు, పిల్లలు బాగున్నారు. కానీ కుటుంబంలో ఒక బిడ్డకి ఇలాంటి జబ్బు తేలాక, అదే కుటుంబంలో ఇంకో సంబంధం కలుపుకునే ముందు జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్లడం తప్పనిసరి అనే నా అభిప్రాయం. జహేజ్ గురించి పది సిట్టింగులు కూర్చునే పెద్దలు దీనికి ఒక పూట కేటాయించలేరా?

ఏం చూస్తే అనుమానించాలి

ముందుగా భయపడకుండా ఉండడానికి ఒక మాట. ఐదేళ్ల పిల్లల్లో నూటికి పదిహేను మంది దాకా రాత్రి పక్క తడుపుతారు. ఏడాదికేడాది ఆ సంఖ్య దానంతట అదే తగ్గుతుంది. మీ పిల్లాడు రాత్రి పక్క తడుపుతున్నాడు, మిగతా అంతా బాగుంది అంటే ఈ వ్యాసం వాడి గురించి కాదు.

అనుమానించాల్సింది వేరే చోట. పగలు కూడా బట్టలు తడవడం. ఒంటేలుకి కూర్చుంటే ముక్కడం, ధార సన్నగా తెగితెగి రావడం, వెళ్లొచ్చిన ఐదు నిమిషాలకే మళ్లీ వెళ్లడం. జ్వరంతో కూడిన యూరిన్ ఇన్‌ఫెక్షన్ మళ్లీ మళ్లీ రావడం. వీటితో పాటు గట్టి మలబద్ధకం. ఇవి ఉంటే నవ్వు ఎలా ఉన్నా సరే పిల్లల డాక్టర్‌కి చూపించాలి, కారణం ఏదైనా కావొచ్చు. వీటికి తోడు నవ్వు కూడా తేడాగా ఉంటే ఆ మాట డాక్టర్‌కి మీరే చెప్పాలి. ఎందుకంటే ఆసుపత్రిలో ఇంజెక్షన్ భయంతో కూర్చున్న పిల్లాడు నవ్వడు. ముఖం మామూలుగా ఉంటుంది, డాక్టర్‌కి కనిపించదు. ఇంట్లో ఆడుకుంటున్నప్పుడు, కితకితలు పెట్టినప్పుడు ఫోన్‌లో ఒక వీడియో తీసుకెళ్లి చూపించండి. మన ఫోన్లలో ఉన్న వెయ్యి వీడియోల్లో అది పనికొచ్చే వీడియో.

పసిపిల్లలు మనుషుల్ని చూసి నవ్వడం ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలవుతుంది. అంటే కిడ్నీలు ఇంకా పాడవకముందే ఈ గుర్తు బయటికి కనిపించే వీలుంది. కొందరిలో ఇంకా ముందే, కడుపులో ఉన్నప్పుడు స్కానింగ్‌లో బ్లాడర్ పెద్దగా, కిడ్నీలు ఉబ్బినట్టు కనిపిస్తాయి. అలాంటి రిపోర్టు వచ్చినప్పుడు 'పుట్టాక సర్దుకుంటుందిలే' అని వదిలేయకూడదు.

డాక్టర్లు చేసే పరీక్షలు ఖరీదైనవాటితో మొదలవ్వవు. మూత్రం పరీక్ష, రక్తంలో క్రియాటినిన్, బీపీ. అల్ట్రాసౌండ్‌లో కిడ్నీలు, బ్లాడర్ గోడ మందం, ఒంటేలు పోసొచ్చాక లోపల ఎంత మిగిలిందో చూస్తారు. తర్వాత బ్లాడర్‌లోకి రంగు మందు పంపి తీసే ఎంసీయూ అనే ఎక్స్‌రే, లోపలి ఒత్తిడి కొలిచే యూరోడైనమిక్ పరీక్ష, కిడ్నీ మచ్చలు చూపే డీఎంఎస్‌ఏ స్కాన్. వెన్నులో లోపం లేదని తేల్చడానికి ఎంఆర్‌ఐ. మగపిల్లల్లో మూత్రమార్గంలో పొర అడ్డుపడే జబ్బు ఒకటుంది, అది దీనికన్నా చాలా ఎక్కువగా కనిపిస్తుంది. దాన్ని కూడా చూసుకోవాలి.

ఇంకో చిక్కు ఉంది. హిన్‌మన్ సిండ్రోమ్ అని ఒకటుంది. బ్లాడర్ సరిగ్గా ఇలాగే ఉంటుంది, నరాల్లో లోపం కనపడదు. అలవాటు వల్ల, మానసిక ఒత్తిడి వల్ల పిల్లాడు మూతి బిగబట్టుకుంటున్నాడని దాన్ని వివరిస్తారు. నవ్వు గమనించకపోతే ఒచోవా పిల్లల్ని కూడా ఆ ఖాతాలోనే వేసేస్తారు. చేతగాక బిగబట్టే పిల్లాడిని కావాలని బిగబడుతున్నావంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

జన్యు పరీక్షతో జబ్బు ఖాయమవుతుంది. హైదరాబాద్‌లో నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ ఉంది. అరుదైన జబ్బుల కోసం 2021లో వచ్చిన జాతీయ విధానం కింద ఈ రెండింటినీ కలిపి ఒక కేంద్రంగా గుర్తించారు. కుటుంబంలో ఏ మార్పు ఉందో ఒకసారి తేలితే, తర్వాతి కాన్పులో తొలి నెలల్లోనే పరీక్ష చేయించుకోవచ్చు, మిగతా తోబుట్టువులు క్యారియర్లో కాదో తెలుసుకోవచ్చు. అయితే జన్యు రిపోర్టు వచ్చేదాకా బ్లాడర్ వైద్యం ఆపకూడదు. రిపోర్టు ఆగుతుంది, కిడ్నీ ఆగదు.

వైద్యం అంటే ముఖ్యంగా ఒక గొట్టం

ఈ జబ్బుని పోగొట్టే మందు లేదు. చేయగలిగింది ఒత్తిడిని తగ్గించడం, బ్లాడర్‌ను ఖాళీగా ఉంచడం, ఇన్‌ఫెక్షన్లు రాకుండా చూడడం. అదే చాలా పెద్ద పని, అదే కిడ్నీని కాపాడుతుంది.

ఒత్తిడి తగ్గించడానికి ఆక్సీబ్యుటినిన్ లాంటి మందులు ఇస్తారు. మూతి వదులవ్వడానికి వేరే రకం మందులు. ఇన్‌ఫెక్షన్లు రాకుండా కొందరికి రోజూ తక్కువ మోతాదులో యాంటీబయాటిక్. మలబద్ధకానికి కూడా వైద్యం చేయాలి, నిండిన పేగు బ్లాడర్‌ని ఇంకా నొక్కుతుంది కాబట్టి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మాత్రం క్యాథెటర్. పేరు వినగానే తల్లిదండ్రులు వణికిపోతారు. ఆసుపత్రిలో ముసలివాళ్లకి సంచి తగిలించి పెట్టే గొట్టం గుర్తొస్తుంది. ఇది అది కాదు. సన్నని మెత్తని గొట్టాన్ని మూత్రమార్గంలోకి మెల్లగా పంపుతారు. రెండు మూడు నిమిషాల్లో బ్లాడర్ ఖాళీ అవుతుంది, గొట్టం తీసేస్తారు. రోజుకి నాలుగు నుంచి ఆరుసార్లు. దీన్ని క్లీన్ ఇంటర్మిటెంట్ క్యాథెటరైజేషన్ అంటారు. 1972లో అమెరికా డాక్టర్ జాక్ లాపిడెస్ ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినప్పుడు చాలామంది డాక్టర్లే నమ్మలేదు. ఆపరేషన్ థియేటర్ లాంటి శుభ్రత లేకుండా గొట్టం పెడితే ఇన్‌ఫెక్షన్ రాదా అని. ఆయన చెప్పింది ఏంటంటే, చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు, అసలు ప్రమాదం గొట్టంలో కాదు, లోపల నిలిచిపోయిన మూత్రంలో, పెరిగిన ఒత్తిడిలో ఉందని. యాభై ఏళ్ల అనుభవం ఆయన మాటనే నిలబెట్టింది.

మొదట్లో అమ్మ చేస్తుంది. ఆరేడేళ్లు వచ్చాక చాలామంది పిల్లలు సొంతంగా నేర్చుకుంటారు. కష్టం ఇంట్లో కాదు, స్కూల్లో. మధ్యాహ్నం ఒకసారి చేసుకోవాలంటే గడియ పడే బాత్రూమ్ కావాలి, నీళ్లు, సబ్బు కావాలి, పది నిమిషాలు బయటికి పంపే టీచర్ కావాలి. మన బస్తీ స్కూళ్లలో ఈ మూడూ ఒకేచోట దొరకడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. ఆడపిల్లలైతే స్కూల్ బాత్రూమ్‌కి వెళ్లకుండా ఉండడానికి నీళ్లు తాగడమే మానేస్తారు. ఈ జబ్బున్న పిల్లలకి అది ఇంకా చేటు. హెడ్‌మాస్టర్‌కి డాక్టర్ లెటర్ ఇచ్చి మాట్లాడడం మందులంత అవసరం.

మందులూ క్యాథెటర్ సరిపోనప్పుడు బ్లాడర్ గోడలోకి బోటాక్స్ ఇంజెక్షన్, పేగు ముక్కతో బ్లాడర్‌ను పెద్దది చేసే ఆపరేషన్, చిన్నపిల్లల్లో పొత్తికడుపు మీద దారి తీసి మూత్రం బయటికి పంపే ఆపరేషన్ లాంటివి ఉన్నాయి. కిడ్నీలు పూర్తిగా పాడైతే డయాలసిస్, మార్పిడి. డయాలసిస్ ఆరోగ్యశ్రీ కింద దొరుకుతుంది. కానీ కిడ్నీ మార్పిడితో కథ అయిపోదు. కొత్త కిడ్నీని తీసుకొచ్చి పెట్టేది ఆ పాత బ్లాడర్ మీదే. బ్లాడర్ సంగతి చూడకుండా కిడ్నీ పెడితే, తల్లో తండ్రో ఇచ్చిన ఆ కిడ్నీని కూడా అదే ఒత్తిడి తినేస్తుంది. డోనర్ కోసం తిరిగే హడావిడిలో ఈ ప్రశ్న డాక్టర్‌ని అడగడం మరిచిపోవద్దు.

కొత్త ఆశ ఒకటి ఉంది, అయితే ఇంకా ఎలుకల దగ్గరే ఉంది. మాంచెస్టర్ బృందం హెచ్‌పీఎస్‌ఈ2 చెడిన పసి ఎలుకలకి, హాని చేయని వైరస్ ద్వారా మంచి జన్యువును పంపింది. బ్లాడర్ మూతి వదులవ్వడం మెరుగైంది. మనుషుల దాకా రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. 'జీన్ థెరపీ వచ్చేసింది, లక్షలు కట్టండి' అని ఎవరైనా వాట్సాప్‌లో పంపితే నమ్మకండి.

ముఖానికి ప్రత్యేకంగా వైద్యం ఏమీ లేదు. నవ్వు అలాగే ఉంటుంది. అది దెబ్బతిన్న మనసు కాదు, మందబుద్ధి కాదు. ఇంట్లోవాళ్లకి కొన్నాళ్లకే తెలిసిపోతుంది, ఏది నవ్వో ఏది ఏడుపో. క్లాస్ టీచర్‌కి, మదర్సాలో ఉస్తాద్‌కి, ఖాందాన్‌లో పెద్దలకి ఒక్కసారి కూర్చోబెట్టి చెప్తే వాళ్లకీ తెలుస్తుంది.

ఒక బిడ్డకి జబ్బు తేలిన రోజే చేయాల్సిన పని ఇంకోటి ఉంది. మిగతా పిల్లలందరికీ, ఉయ్యాల్లో ఉన్న పసిబిడ్డతో సహా, ఒక అల్ట్రాసౌండ్, ఒక మూత్రం పరీక్ష చేయించాలి. ఇబ్బంది ఏమీ లేదని చెప్తున్నా సరే. మెడెలిన్‌లో ఒచోవాకి జబ్బు దొరికింది కూడా అలాగే, ఒకరిని తీసుకొచ్చిన కుటుంబంలో ఇంకొకరి నవ్వు చూసి.